గొంతున్నవాడిదే కథ

2022 సెప్టెంబరు 19, సోమవారం. అమెరికాలోని బాల్టిమోర్ కోర్టు. ఇరవై మూడేళ్ళుగా జైల్లో ఉన్న అద్నాన్ సయ్యద్‌ మీద తీర్పును రద్దు చేయమని ఆ రోజు అడిగింది డిఫెన్సు లాయరు ఒక్కరే కాదు, సాక్షాత్తూ ప్రాసిక్యూటర్లు. ఆ హాల్లో ఉండాల్సిన ఒక మనిషి మాత్రం లేడు. హత్యకు గురైన అమ్మాయి తమ్ముడు దేశం ఆ చివర, పశ్చిమ తీరంలో ఉంటాడు. సోమవారం విచారణ ఉందన్న కబురు ఆయనకు శుక్రవారం అందింది. వారం రోజులు వాయిదా వేస్తే స్వయంగా వచ్చి మాట్లాడతానని లాయరు చేత అడిగించాడు. జడ్జి ఒప్పుకోలేదు. ఉన్నచోటు నుంచే జూమ్‌లో నాలుగు మాటలు చెప్పాడు. మీకు ఇదొక పాడ్‌కాస్ట్ కావచ్చు, నాకు మాత్రం జీవితం, ఇరవై ఏళ్ళు దాటినా వదలని పీడకల అన్నది వాటి సారాంశం.

ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకు తగిలే ఉంటుంది. విన్నవాళ్ళలో ఒకణ్ణి కాబట్టి నాకూ తగిలింది.

ఆ పాడ్‌కాస్ట్ పేరు ‘సీరియల్’. షికాగోలో పుట్టిన ‘దిస్ అమెరికన్ లైఫ్’ రేడియో కార్యక్రమం వాళ్ళు 2014 అక్టోబరు 3న మొదలుపెట్టి, డిసెంబరు దాకా 12 భాగాలుగా వినిపించారు. కథ చెప్పింది సారా కేనిగ్ అనే విలేకరి. 1999 జనవరి 13న బాల్టిమోర్ దగ్గరి ఉడ్‌లాన్ హైస్కూల్లో బడి విడిచాక 18 ఏళ్ళ హే మిన్ లీ కనిపించకుండా పోయింది. ఫిబ్రవరి 9న లీకిన్ పార్కులో శవం దొరికింది. ఆ నెలాఖరుకి, ఆమె అంతకుముందు ప్రేమించిన అద్నాన్‌ను పోలీసులు అరెస్టు చేశారు. వాడికి పదిహేడేళ్ళు. శవాన్ని పాతిపెట్టడానికి తాను సాయం చేశానన్న ఒక పరిచయస్తుడి సాక్ష్యం, సెల్‌ఫోన్ టవర్ల రికార్డులు ఆ కేసుకు మూలస్తంభాలు. 2000 ఫిబ్రవరిలో జ్యూరీ రెండు మూడు గంటల్లోనే దోషి అని తేల్చేసింది. యావజ్జీవం, దానిపైన మరో 30 ఏళ్ళు.

పాడ్‌కాస్ట్ అన్న మాట అప్పటికే పదేళ్ళ పాతది. 2004లో గార్డియన్ పత్రికలో బెన్ హామర్స్‌లీ రాసిన వ్యాసంలో ఆ పదం పుట్టింది. 2005లో యాపిల్ తన ఐట్యూన్స్‌లో వాటికి చోటిచ్చింది. అయినా సాంకేతిక విషయాల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు తప్ప వినేవాళ్ళు తక్కువ. 2014 సెప్టెంబరులో యాపిల్ కొత్త సాఫ్ట్‌వేర్‌తో పాటు పాడ్‌కాస్ట్ యాప్ ప్రతి ఐఫోన్‌లోకీ దానంతట అదే వచ్చి కూర్చుంది. మూడు వారాలు తిరక్కుండా ‘సీరియల్’ వచ్చింది. ఐట్యూన్స్‌లో అంత త్వరగా 50 లక్షల డౌన్‌లోడ్ల మార్కు చేరిన పాడ్‌కాస్ట్ అంతకుముందు లేదు. మరుసటి ఏడాది పీబడీ పురస్కారం అందుకుంది. ఒక పాడ్‌కాస్ట్‌కి ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

హత్య కేసుల కథలు లోకానికి కొత్త కాదు. నేరవార్తల పేజీ ముందు తిప్పే పాఠకులు మనకూ తక్కువేం లేరు. అయితే ఈ కథలో వినేవాణ్ణి కట్టిపడేసింది హత్యకన్నా కేనిగ్ సందేహం. ఈ వారం అతను నిర్దోషి అనిపిస్తోందని ఆవిడ అంటుంది. వచ్చే వారం ఒక కాగితం చూసి కంగారుపడుతుంది. ఇంకో వారం ఎటూ తేల్చుకోలేక నిట్టూరుస్తుంది. పత్రికలో పనిచేసిన ఎవరికైనా తెలిసిన సంగతే, విలేకరికి అనుమానాలు ఉండవని కాదు. అవి నోటుపుస్తకంలోనే ఉండిపోతాయి. డెస్కు దాటి అచ్చులోకి వచ్చేసరికి మిగిలేవి తేలిన విషయాలే. రేడియోలో అయితే ‘వార్తలు చదువుతున్నది’ అని ఒక పేరు వినిపించేది, ఆ తర్వాత ఆ మనిషి మాయమయ్యేవాడు. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన కొంగర జగ్గయ్య, అద్దంకి మన్నార్ గొంతులను నిద్రలో విన్నా గుర్తుపట్టే తరం ఒకటుండేది. చదివిన వార్త వాళ్ళు నమ్మారో లేదో మాత్రం ఆ తరానికి ఏనాడూ తెలియదు. తెలియకపోవడమే ఆ పద్ధతికి ప్రాణం. కేనిగ్ ఆ తెర తీసేసింది.

ఒక సన్నివేశం చెబుతాను. హత్య 21 నిమిషాల వ్యవధిలో జరిగిందన్నది ప్రాసిక్యూషన్ వాదన. అది సాధ్యమా అని తేల్చుకోవడానికి కేనిగ్, ఆవిడ సహచరి డేనా చివిస్ కారేసుకుని, స్కూలు గంట కొట్టే వేళకి బయల్దేరి, హత్య జరిగిందని చెబుతున్న దుకాణం పార్కింగు దాకా గడియారం చూసుకుంటూ వెళతారు. కేనిగ్ దృష్టంతా టవర్ల మీద, టైము మీద. ఇంతలో చివిస్ కిటికీలోంచి చూసి, అదిగో అక్కడ రొయ్యలు చవగ్గా అమ్ముతున్నారని అంటుంది. కేసుకీ ఆ రొయ్యలకీ ఏ సంబంధమూ లేదు. ఏ సబ్ ఎడిటరైనా ఆ వాక్యాన్ని మొదటి దెబ్బకే కొట్టేస్తాడు. వీళ్ళు ఉంచారు. ఆ ఒక్క మాటతో వినేవాడు కారు వెనక సీట్లో కూర్చుండిపోయాడు. వాళ్ళు ఏదీ దాచడం లేదు, నాతో పాటే వెతుకుతున్నారు అన్న నమ్మకం కుదిరింది. అనవసరమైన మాట చేసే అవసరమైన పని అది. ఆ నమ్మకం సాక్ష్యాల మీద కుదిరిందా, చెప్పేవాళ్ళ మీద కుదిరిందా అన్న ప్రశ్న ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవాడికి తట్టదు. నాకైతే తట్టలేదు. రాత్రి గిన్నెలు తోముతూ ఒక భాగం పూర్తిచేసి, చేతులు తుడుచుకుంటూ రెండోది పెట్టుకున్న రోజులున్నాయి.

జరిగిన కథను గొంతుతో చెప్పడం మనకు కొత్త కాదు. కారంపూడిలో వీర విద్యావంతులు పల్నాటి కథ పాడారు. జంగాలు బొబ్బిలి కథ మోశారు. 1940లలో షేక్ నాజర్ బుర్రకథ దళం బెంగాల్ కరువును ఊరూరా పాడింది. ఆ కరువు పురాణం కాదు, అప్పటికి నడుస్తున్న వార్త. అయితే బుర్రకథ నిర్మాణంలో ఒక జాగ్రత్త ఉంది. నడిమి కథకుడికి ఇటొకరు, అటొకరు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు ఆవేశంగా సాగిపోతుంటే హాస్యగాడు అడ్డొచ్చి ఓ మొద్దు ప్రశ్న వేస్తాడు. రాజకీయం చెప్పేవాడు ఇది ఈనాటి సంగతేనా అని గిల్లుతాడు. వాటికి జవాబు చెప్పి గాని కథ ముందుకు పోదు. ఎదురుగా జనం. అందులో కథలోని యుద్ధంలో రెండోవైపు వాళ్ళ మనవలూ ఉండొచ్చు. మా తాతను దొంగంటావా అని లేచి నిలబడే హక్కు వాళ్ళకుంది, కొన్నిచోట్ల లేచారు కూడా.

పాడ్‌కాస్ట్‌లో కథకుడూ వంతా ఒకరే. కేనిగ్ తన సందేహాన్ని తానే అడుగుతుంది, తానే జవాబు చెబుతుంది. వినేవాడు ఒంటరి. పక్కవాడి మొహం చూసి, వీడు నమ్ముతున్నాడా లేదా అని సరిచూసుకునే వీలు లేదు. గొంతు చెవిలోంచి కూడా కాదు, తలకాయ లోపలినుంచి వస్తున్నట్టుంటుంది. తెలిసినవాళ్ళు, అయినవాళ్ళు చెబితే తప్ప మాట అంత దగ్గరగా వినం మనం. అపరిచితుడి గొంతు ఆ దూరానికి వచ్చేసరికి వాడు అయినవాడైపోతాడు.

అద్నాన్ అలాగే అయినవాడయ్యాడు. జైలు నుంచి వచ్చే ఫోన్ కాబట్టి ముందు ఒక యంత్రం గొంతు, ఇది ఫలానా జైలు ఖైదీ చేస్తున్న కాల్ అని ప్రకటిస్తుంది. ఆ వెంటనే మెత్తటి, నవ్వు మొహంలాంటి గొంతు. నెలల తరబడి, గంటల తరబడి మాట్లాడారు ఇద్దరూ. మొదటిసారి చూసినప్పుడు అతని పెద్ద పెద్ద కళ్ళు చూసి ఇలాంటివాడు గొంతు నులిమి చంపుతాడా అనిపించిందని, అది తెలివితక్కువ ఆలోచనని తనకీ తెలుసని కేనిగే ఒప్పుకుంటుంది. మీలో అంత మంచితనం కనిపిస్తోంది కాబట్టే ఈ కేసు వదల్లేకపోతున్నానన్న అర్థం వచ్చేలా ఆవిడ అన్నప్పుడు, నేనేమిటో మీకు నిజంగా తెలియదు కదా అని అతనే ఎదురన్నాడు. ఆ ధారావాహిక మొత్తంలో అంతకన్నా నిజాయితీ గల మాట నాకు వినిపించలేదు. అన్నది నిందితుడు.

మరి హే మిన్ లీ గొంతు? లేదు. ఆమె డైరీలో కొన్ని మాటలు మరొకరి గొంతులో వినిపించాయి. కుటుంబం మాట్లాడటానికి ముందుకు రాలేదు. దక్షిణ కొరియా నుంచి వలస వచ్చిన తల్లి 2000లో శిక్ష ఖరారు చేసే రోజు కోర్టులో దుబాసీ సాయంతో మాట్లాడింది. అమ్మానాన్నలు పోతే మట్టిలో పూడుస్తాం, బిడ్డ పోతే గుండెలో పూడ్చుకుంటాం అన్న కొరియా సామెత ఒకటి చెప్పింది. ఆ మాట కూడా వినేవాడికి చేరింది కోర్టు కాగితంలోంచే. పత్రిక అయితే ఆ అమ్మాయి ఫొటో వేస్తుంది. టీవీ అయితే ఇంటి ముందు నిలబడి తలుపు చూపిస్తుంది. శబ్దం ఒక్కటే ఉన్నచోట మాట్లాడనివాడు కనిపించకపోవడం కాదు, లేకుండా పోతాడు. పాడ్‌కాస్ట్ నిజకథకు తెచ్చిన అసలు మార్పు ఇదేనని నా అభిప్రాయం. మిగతావి, అంటే వారం వారం ఉత్కంఠ, మధ్యలో ప్రకటనలు, నేను అంటూ చెప్పడం, ఇవన్నీ పాత సామాన్లే. మైకు దగ్గరికి రాగలిగినవాడి చుట్టూ కథ తిరగడం మాత్రం ఈ ప్రక్రియ స్వభావం. చచ్చిపోయినవాళ్ళు రాలేరు. దుఃఖంలో ఉన్నవాళ్ళు రారు. జైల్లో ఉన్నవాడికి కావలసినంత తీరిక ఉంటుంది.

గొంతు మీద ఆధారపడితే ఏమవుతుందో న్యూయార్క్ టైమ్స్‌కి గట్టిగానే తెలిసింది. 2018లో ఆ పత్రిక ‘కాలిఫేట్’ అనే ధారావాహిక తెచ్చింది. ఐసిస్‌లో చేరి సిరియాలో హత్యలు చేశానని ఒక కెనడా యువకుడు మైకులో పూసగుచ్చినట్టు చెప్పాడు. పొడిచినప్పుడు ఏమైందో, ఏమనిపించిందో అన్నీ. మధ్యలో ఆగాడు, తడబడ్డాడు, ఊపిరి పీల్చాడు. వినేవాడికి ఒళ్ళు జలదరించింది. అతని మాటల్లో పొంతన లేదని పత్రికకే అనుమానం వచ్చి, ఆ అనుమానాన్నీ ఒక ఎపిసోడ్ చేశారు. 2020లో కెనడా పోలీసులు అదంతా బూటకమని అతని మీదే కేసు పెట్టారు. ఆ డిసెంబరులో పత్రిక తన కథలోని ప్రధాన భాగాన్ని ఉపసంహరించుకుని పీబడీ పురస్కారం వెనక్కిచ్చేసింది. అంత పెద్ద పత్రికకు పత్రాలు సరిచూసే వాళ్ళు లేకనా? అదే కథ అచ్చుకోసం రాసి ఉంటే పాస్‌పోర్టు ఏది, తేదీలు ఏవి అని అడిగే ఎడిటరు ముందు నిలబడేది కాదేమో. శబ్దంలో తడబాటు సత్యానికి గుర్తులా వినిపిస్తుంది. సందేహాన్ని వినిపిస్తే చాలు, తీర్చక్కర్లేదన్న అలవాటు ‘సీరియల్’ నుంచి వచ్చిందే.

‘ఎస్-టౌన్’ అనే పాడ్‌కాస్ట్ గొడవ ఇంకో రకం. అలబామాలో ఒక చిన్న ఊరి గడియారాల మరమ్మతుదారు తనంతట తానే విలేకరిని పిలిచాడు. పని సగంలో ఉండగా 2015లో ప్రాణం తీసుకున్నాడు. 2017లో ఏడు భాగాలూ ఒకేసారి విడుదలయ్యాయి. అద్భుతమైన రచన, కాదనను. కానీ ఆయన బతికుండగా రికార్డుకు వద్దన్న సంగతి కూడా అందులో ఉంది. ఆయన ఎస్టేట్ తరఫున వేసిన దావా 2020లో రాజీ అయింది. గొంతు ఇచ్చినవాడికి కూడా దాన్ని వెనక్కి తీసుకునే వేళ మించిపోవచ్చు.

ఇలా రాసుకుపోతే పాడ్‌కాస్టులన్నీ మోసమేనన్నట్టు ఉంటుంది. అలా అనుకునేవాణ్ణయితే ఈ వ్యాసం రాయను. ‘ఇన్ ద డార్క్’ రెండో సీజన్ గురించి చెప్పాలి. మిసిసిపీ రాష్ట్రంలో వినోనా అనే చిన్న ఊరు. 1996లో ఒక ఫర్నిచర్ దుకాణంలో నలుగురి హత్య. కర్టిస్ ఫ్లవర్స్ అనే నల్లజాతీయుణ్ణి అదే నేరానికి ఒకే ప్రాసిక్యూటరు ఆరుసార్లు విచారించాడు. ఆ పాడ్‌కాస్ట్ చేసిన మడలీన్ బరాన్ బృందం దాదాపు ఏడాదిపాటు అక్కడే మకాం పెట్టింది. కీలక సాక్షి ఒకడు జైలు నుంచి ఫోన్లో, నేను చెప్పింది అబద్ధమని వాళ్ళకు చెప్పాడు. అంతటితో ఆగి ఉంటే అదీ ఇంకో గొంతు మాత్రమే అయ్యేది. వాళ్ళు జిల్లాల కోర్టు గదుల్లో దుమ్ముపట్టిన పెట్టెలు తీసి, 1992 నుంచి 2017 దాకా ఆ ప్రాసిక్యూటరు కార్యాలయం నడిపిన 225 విచారణల కాగితాలు తిరగేశారు. జ్యూరీకి పిలిచిన 6,700 మందికి పైగా మనుషుల జాతి, తీసుకున్నారా తిప్పి పంపారా అన్నది ఒక్కొక్కటీ లెక్కగట్టారు. తెల్లవాళ్ళతో పోలిస్తే నల్లవాళ్ళను నాలుగు రెట్ల పైచిలుకు ఎక్కువగా ఏరి పక్కన పెట్టారని తేలింది. 2019 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో ఫ్లవర్స్ శిక్షను కొట్టేసింది. ఆరు విచారణల్లో 42 మంది నల్లజాతి జ్యూరర్లలో 41 మందిని ప్రాసిక్యూటరు తిరస్కరించిన సంగతి ఆ తీర్పులో ఉంది. 2020 సెప్టెంబరులో కేసే ఎత్తేశారు. అప్పటికే ఆయన దాదాపు 23 ఏళ్ళు జైల్లో గడిపాడు.

ఆ ధారావాహికలో గొంతులు లేవా? ఉన్నాయి, ఫ్లవర్స్ తల్లిదండ్రులవి మరీ. అయితే కథను నిలబెట్టింది లెక్క. పెట్టె మూత తీసిన చప్పుడు, కాగితం తిప్పిన చప్పుడు కూడా వినిపించాయందులో, అది వేరే సంగతి.

ఆస్ట్రేలియాలో మూడో దారి. సిడ్నీలో 1982లో లినెట్ డాసన్ అనే మహిళ కనిపించకుండా పోయింది. 2018లో ‘ద ఆస్ట్రేలియన్’ పత్రిక విలేకరి హెడ్లీ థామస్ ‘ద టీచర్స్ పెట్’ చేశారు. అదే ఏడాది డిసెంబరులో భర్త అరెస్టు, 2022లో దోషిగా తీర్పు, 24 ఏళ్ళ శిక్ష. మంచిదే. అయితే దానికి ముందు ఆ పాడ్‌కాస్ట్‌ను ఆస్ట్రేలియాలో తాత్కాలికంగా దించేయాల్సి వచ్చింది. విచారణ జ్యూరీ లేకుండా న్యాయమూర్తి ఒక్కరే విన్నారు. నలభై ఏళ్ళనాటి సంగతి గుర్తుచేసుకుంటున్న సాక్షి, తన కళ్ళతో చూసింది చెబుతున్నాడా, ఇయర్‌ఫోన్‌లో విన్నది చెబుతున్నాడా? ఆ తేడా ఒక్కోసారి ఆ సాక్షికే తెలియదు.

మనకు జ్యూరీ బెడద లేదు. 1959 నాటి నానావతి కేసులో బొంబాయి జ్యూరీ 8-1తో నిర్దోషి అంది. బయట ‘బ్లిట్జ్’ పత్రిక నిందితుడైన ఆ నౌకాదళాధికారిని ఒక వీరుడిలా వారం వారం నిలబెట్టింది. తర్వాత హైకోర్టు శిక్ష వేసింది, జ్యూరీ పద్ధతి క్రమంగా కనుమరుగైంది. అయితే జ్యూరీ ఎక్కడికి పోయింది? వీధిలోకి వచ్చింది. 2019 నవంబరు 27న హైదరాబాద్ శివార్లలో ఒక పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం తర్వాత టీవీల్లో, ఫోన్లలో ఒకటే కేక. తొమ్మిది రోజుల్లో, డిసెంబరు 6 తెల్లవారుజామున, చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పోలీసుల మీద పూలు చల్లారు. కాల్పులు ఉద్దేశపూర్వకమేనని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో నివేదిక ఇచ్చేసరికి పూలు వాడిపోయి చాలా కాలమైంది. ఆ నివేదికను అధికారులు హైకోర్టులో సవాలు చేశారు. మరో సంగతి, అత్యాచార బాధితుల పేరు బయటపెట్టరాదని చట్టం చెబుతున్నా ఆ రోజుల్లో దేశమంతా ఆ అమ్మాయి పేరే తిరిగింది. చట్టం అడ్డుకునేది పేరును మాత్రమే కాదు, ఆచూకీ తెలిపే దేన్నైనా. దగ్గరివాళ్ళకు గొంతు కూడా ఆచూకీయే.

తొమ్మిది రోజుల వేగం ముందు వారానికి ఒక భాగం చొప్పున మూడు నెలలు సాగే కథ ఎంత నెమ్మది! ఆ నెమ్మది మనకు అవసరమని నేను నమ్ముతాను. తెలుగులో దానికి పునాది కూడా ఉంది. కాలిఫోర్నియాలో ఉంటూ ‘కౌముది’ నడిపే కిరణ్ ప్రభ టాక్ షోలు వినండి. ఒక్క గొంతు. సంగీతం హంగు లేదు, అరుపు లేదు. ఒక రచయితదో నటిదో జీవితాన్ని భాగాలు భాగాలుగా, ఏ పుస్తకంలో ఏముందో చెబుతూ పోతారు. జీవితచరిత్రకు ఆ పద్ధతి సరిపోతుంది. నేరకథల దగ్గరికి వచ్చేసరికి మన యూట్యూబులో ఎక్కువగా దొరికేది పత్రికల్లో వచ్చిన వార్తకు గంభీరమైన గొంతు, వెనక డప్పు, కొంత ఊహ. చనిపోయిన అమ్మాయి చివరి నిమిషంలో ఏమనుకుందో కూడా చెప్పేస్తుంటారు. ఎవరు చెప్పారు నాయనా నీకు? అలా చేస్తున్నవాళ్ళను తిట్టి ప్రయోజనం లేదు. కోర్టు ఫైలు చూడకుండా, ఊరికి వెళ్ళకుండా కథ చెప్పాలంటే అంతకుమించి చేయగలిగింది లేదు.

చూడాలన్నా దారి సులువు కాదు. కేనిగ్ దగ్గర 2000 నాటి కోర్టు విచారణ టేపులున్నాయి, వాటిలోంచి సాక్షుల గొంతులు వినిపించింది. మన ఈ-కోర్ట్స్ సైట్లో ఉత్తర్వులు, తీర్పులు దొరుకుతాయి గానీ, సాక్షి బోనులో ఎవరేమన్నారో కావాలంటే కేసుతో సంబంధం లేనివాడు దరఖాస్తు పెట్టి, కారణం చెప్పి, నకలు కోసం కాచుక్కూర్చోవాలి. జైలు సంగతి మరీను. ఉరిశిక్ష పడిన బిల్లా, రంగాలను కలవడానికి జర్నలిస్టు ప్రభా దత్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1981లో అనుమతి తెచ్చుకున్నారు. ఢిల్లీ నిర్భయ కేసు మీద బీబీసీ డాక్యుమెంటరీ గొడవ తర్వాత 2015లో కేంద్ర హోంశాఖ ఆ తలుపు ఇంకా బిగించింది. ఖైదీ ఫోను కుటుంబానికీ లాయరుకీ. విలేకరితో నెలల తరబడి కబుర్లు చెప్పే అద్నాన్ ఇక్కడ పుట్టడు. గొంతున్నవాడిదే కథ అన్నాను. ఇక్కడ నిందితుడికీ గొంతు లేదు. ఇక మిగిలే గొంతు పోలీసు ప్రెస్‌మీట్‌ది.

బాల్టిమోర్ కథ అక్కడితో అయిపోలేదు. 2022 అక్టోబరులో అద్నాన్ మీద అభియోగాలు ఎత్తేశారు. హే తమ్ముడు పై కోర్టుకు వెళ్ళాడు. నాకు ముందుగా సరైన సమయంలో చెప్పలేదు, స్వయంగా హాజరయ్యే వీలివ్వలేదు అన్నదే ఆయన వాదన. 2023 మార్చిలో అప్పీలు కోర్టు ఆయన వైపు మొగ్గి పాత తీర్పును మళ్ళీ నిలబెట్టింది. 2024 ఆగస్టులో మేరీల్యాండ్ సుప్రీంకోర్టు 4-3తో దాన్ని సమర్థించింది. జూమ్‌లో గొంతు వినిపించినంత మాత్రాన సరిపోదు, మనిషి ఆ గదిలో ఉండే అవకాశం ఇవ్వాల్సిందేనని సారాంశం. ఒక పాడ్‌కాస్ట్ వల్ల ప్రపంచానికి తెలిసిన కేసులో కోర్టు ఇలా చెప్పడం చూసి నాకు నవ్వాలో ఏమో తెలియలేదు. 2025 మార్చిలో బాలనేరస్థుల శిక్షలను తిరిగి పరిశీలించే చట్టం కింద, అనుభవించిన శిక్ష చాలని, అయిదేళ్ళు పర్యవేక్షణలో ఉండమని జడ్జి తీర్పు చెప్పారు. అద్నాన్ బయటే ఉన్నాడు. దోషి అన్న ముద్ర అలాగే ఉంది. చంపిందెవరన్నది ‘సీరియల్’ పన్నెండో భాగం ముగిసేనాటికి ఎక్కడుందో నేటికీ అక్కడే ఉంది.

ఇలాంటి కేసు మనకూ ఒకటుంది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, హాస్టల్లో ఉంటూ ఫార్మసీ చదువుతున్న అమ్మాయి హత్య. 2008లో ఒక పేద యువకుణ్ణి పోలీసులు అరెస్టు చేశారు. 2010లో యావజ్జీవం పడింది. 2017 మార్చి 31న హైదరాబాద్ హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలేసి, పరిహారం ఇమ్మంది. ఎనిమిదేళ్ళు జైల్లో గడిచాయి. బాల్టిమోర్‌కీ దీనికీ ఒక్క పెద్ద తేడా. ఇక్కడ అమ్మాయి తల్లిదండ్రులు మొదటి నుంచీ, ఇతను కాదు, అసలువాళ్ళు వేరే ఉన్నారని చెబుతూనే ఉన్నారు. కెమెరాల ముందు, కోర్టుల ముందు. బాధితురాలి ఇల్లూ శిక్షపడినవాడి ఇల్లూ ఒకే మాట మీద నిలబడిన కేసు అది. రెండు వైపులా గొంతులున్నాయి, మాట్లాడటానికి ఇద్దరూ సిద్ధం. విననివ్వకుండా చేసింది మరొకటి. 2018లో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించేటప్పటికి ఆ కేసు వస్తుసాక్ష్యాలు విజయవాడ కోర్టులో ధ్వంసమైపోయి ఉన్నాయి. ఎలా పోయాయో తేల్చమని అదీ సీబీఐకే అప్పగించారు. వినోనాలో బరాన్ బృందానికి దుమ్ము పట్టిన పెట్టెలైనా దొరికాయి.

2019 డిసెంబరులో తెనాలిలో ఆ అమ్మాయి సమాధి తవ్వి రెండోసారి శవపరీక్ష చేశారు. కాగితమూ వస్తువూ పోయిన ఈ కేసులో ఎవరైనా మైకు పట్టుకుని వెళ్ళాలంటే మిగిలినవి రెండిళ్ళ జ్ఞాపకాలు. 1999 నాటి ఒక మధ్యాహ్నం గురించి పదిహేనేళ్ళ తర్వాత అడిగితేనే బాల్టిమోర్‌లో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. ఇబ్రహీంపట్నానికి అప్పుడే అంతకన్నా ఎక్కువ ఏళ్ళు దాటాయి.